దొరికింది సరే, జారిపోయినవి ఎన్ని? వైద్య పరిశోధకుల సెర్చ్ సాధనాలను పరీక్షించే పద్ధతి

బ్యాంకు యాప్‌లో డబ్బు వెళ్లకపోతే పంపినవాళ్లకు ఆ క్షణంలోనే తెలుస్తుంది. రైలు టికెట్ బుక్ కాకపోయినా అంతే. సెర్చ్ సాధనం తప్పు అలా పట్టుబడదు. బేతంచెర్ల నాపరాయి పాలిష్ యూనిట్ల కూలీల్లో సిలికోసిస్ (రాతిదుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) మీద థీసిస్ పెట్టుకున్న పీజీ డాక్టరుకు తెర మీద నలభై పేపర్లు కనిపించాయనుకోండి. కనిపించనివి ఇంకెన్ని ఉన్నాయో ఆమెకు తెలిసే దారి లేదు. "దొరికాయా మేడమ్?" అని అడిగితే "ఆ, దొరికాయి" అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట నమ్మి సాధనానికి మార్కులు వేస్తే చేసిన పరీక్షంతా వృథా.

అందుకే మామూలు యాప్‌ల పరీక్షలో అవసరం పడని పని ఒకటి ఇక్కడ ముందే పూర్తి చేసుకోవాలి. వెతకమని ఇచ్చే ప్రతి ప్రశ్నకూ దొరకాల్సిన పేపర్లు ఏవో మన చేతిలో పట్టీ ఉండాలి. కిందున్న పద్ధతంతా ఆ పట్టీ చుట్టూ తిరుగుతుంది. కర్నూలు, కడప, అనంతపురం వైద్య కళాశాలల లైబ్రరీ కమిటీలకూ, కాలేజీ పోర్టల్ తయారుచేసేవాళ్లకూ, సెర్చ్ సాధనాన్ని ప్రాజెక్టుగా పెట్టుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులకూ ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: పరీక్ష తర్వాత ఏం తేల్చాలి?

ఒక కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాయండి: "ఈ పరీక్ష అయ్యాక మేము ఫలానాది నిర్ణయిస్తాం." చందా కొనసాగించాలా వద్దా, పోర్టల్ మొదటి పేజీలో ఏ సెర్చ్ పెట్టె ఉండాలి, కొత్త పీజీల శిక్షణ తరగతిలో ఏం చెప్పాలి వంటివి. ఆ వాక్యం రాయలేకపోతే పరీక్ష వాయిదా వేసుకోవడమే మేలు.

పబ్‌మెడ్‌ను (వైద్య పేపర్లు వెతికే అమెరికా ప్రభుత్వ ఉచిత వెబ్‌సైట్) మనం మార్చలేం కదా, పరీక్షించి ఏం లాభం అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పబ్‌మెడ్‌ను మార్చలేం, నిజమే. దాని దగ్గరికి మనవాళ్లు వెళ్లే దారిని మార్చగలం. పోర్టల్‌లో ఇచ్చే లింకు, గోడ మీద అంటించే సూచన, గంట తరగతిలో చెప్పే విషయం, ఇవన్నీ మన చేతిలోనివే.

రెండో అడుగు: ఎవరిని, ఎంతమందిని పిలవాలి

ఇలాంటి పరీక్షకు ఐదుగురు చాలు అన్న మాట అందరూ వింటుంటారు. దాని వెనకున్న లెక్క మాత్రం తక్కువమంది చూస్తారు. ఒక లోపం ఒక్కో మనిషికి ఎదురయ్యే అవకాశం 31 శాతం అనుకుంటే ఐదుగురిలో కనీసం ఒకరికి అది తగిలే అవకాశం 84 శాతం. అదే లోపం పదిమందిలో ఒకరికే ఎదురయ్యేదైతే ఐదుగురితో పట్టుబడే అవకాశం 41 శాతానికి పడిపోతుంది. 15 మందిని కూర్చోబెడితే 79కి చేరుతుంది. సెర్చ్‌లో పెద్ద నష్టం చేసే లోపాలు తరచూ ఈ రెండో రకానివే.

పైగా "వైద్య పరిశోధకులు" ఒకే జాతి కాదు. సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) రాసే మొదటి ఏడాది పీజీ, సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పోగుచేసి తేల్చే సమీక్ష) చేసే అసిస్టెంట్ ప్రొఫెసర్, సర్వే లెక్కల కోసం వెతికే కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు, ముగ్గురూ మూడు రకాలుగా వెతుకుతారు. ఒక్కో గుంపు నుంచి ఐదుగురు, మొత్తం 15 మంది. అంతమంది కుదరకపోతే మూడు గుంపులనూ కలగాపులగం చేయకండి. ఒకే గుంపును తీసుకుని ఆ గుంపుకే ఫలితం చెప్పండి.

పిలిచే ముందు రెండు ప్రశ్నలు అడగండి. గత నెలలో పేపర్ల కోసం ఎన్నిసార్లు వెతికారు? చివరిసారి ఏ సాధనం వాడారు? "మీకు పబ్‌మెడ్ బాగా వచ్చా?" అని మాత్రం అడగొద్దు. రాదని ఎవరూ అనరు.

సమయం విషయానికొస్తే, ఓపీ నడిచే పొద్దున పూట ఎవరినీ ఆశించొద్దు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పెట్టండి. నైట్ డ్యూటీ దిగిన మనిషిని కూర్చోబెట్టొద్దు. మీరు కొలిచేది నిద్రమత్తు అవుతుంది. రోజుకు ముగ్గురికి మించి వద్దు. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి నడిపేవాళ్ల చెవులు పనిచెయ్యవు.

మూడో అడుగు: అనుమతులు

ఫలితాలు కాలేజీ లోపలి నిర్ణయానికే అయినా రాతపూర్వక సమ్మతి తీసుకోండి. పత్రికలో ప్రచురించే ఆలోచన ఉంటే మొదలుపెట్టకముందే సంస్థ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు చేయండి. అయిపోయాక అడిగితే కుదరదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పై అధికారి చేతి కింద ఉన్న విద్యార్థులు, ఉద్యోగులు ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవాళ్లు. కాబట్టి పిలుపు హెచ్‌ఓడీ గారి నోటి నుంచి వెళ్లకూడదు. రానన్నా నష్టం లేదని పిలుపులోనే ఉండాలి. రికార్డింగ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది కూడా సమ్మతి పత్రంలో తేదీతో రాయండి.

నాలుగో అడుగు: జవాబుల పట్టీ

శ్రమంతా ఇక్కడే. ఒక్కో ప్రశ్నకు ఇద్దరు మనుషులు మూడు నాలుగు గంటలు కూర్చోవాలి. దీన్ని తగ్గించుకోవడానికి దొడ్డిదారి లేదు.

ఇద్దరూ విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా వెతకాలి. ఒకరు పబ్‌మెడ్‌తో మొదలుపెడితే ఇంకొకరు గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టాలి. ఆ విషయం మీద ఇప్పటికే వచ్చిన రివ్యూ పేపరు ఉంటే దాని చివరి పట్టికలోని పేపర్లు కూడా కలపాలి. అన్నీ ఒక ఎక్సెల్ షీటులో పోసి రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఒక్కో పేపరు ప్రశ్నకు సరిపోతుందా లేదా అని ఇద్దరూ విడిగా గుర్తు పెట్టాలి. గుర్తులు కలవని చోట మాట్లాడుకుని తేల్చుకోవాలి. చివరికి 15 నుంచి 30 పేపర్లు మిగిలే ప్రశ్న పరీక్షకు సరైన ప్రశ్న. మూడే మిగిలితే కొలవడానికి చాలదు, రెండొందలు మిగిలితే అరగంటలో ఎవరూ చూడలేరు.

పరీక్షించబోయే సాధనంతోనే పట్టీ తయారుచేయడం అందరూ చేసే తప్పు. ఆ సాధనం కళ్లకు ఆననిది పట్టీలోకి రాదు. ఇక సాధనానికి నూటికి నూరు వచ్చేస్తాయి.

రెండో చిక్కు తేదీ. పబ్‌మెడ్‌లో రోజూ కొత్త రికార్డులు చేరుతుంటాయి. సోమవారం కూర్చున్నవాళ్లకూ శుక్రవారం కూర్చున్నవాళ్లకూ ఫలితాల సంఖ్య ఒకటిగా ఉండదు. అందుకని రికార్డు చేరిన తేదీకి ఒక హద్దు పెట్టుకుని, ఆ తర్వాతవి లెక్కలోకి తీసుకోకండి. ఏటా మెష్ శీర్షికలు (పేపర్లకు విషయాన్ని బట్టి పబ్‌మెడ్‌లో తగిలించే ప్రామాణిక పదాలు) మారే రోజులకు అటూ ఇటూ పరీక్ష పడకుండా చూసుకోండి.

సాధనంలో లేనిదాన్ని పట్టీలో పెట్టి సాధనాన్ని నిందించకూడదు. ఉదాహరణకు సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) 2007 జూలై 20న మొదలైంది, ట్రయల్ నమోదు తప్పనిసరి అయ్యింది 2009 జూన్ 15 నుంచి. అంతకుముందు జరిగిన ట్రయల్ అక్కడ కనిపించకపోతే అది సెర్చ్ పెట్టె లోపం కాదు.

ఐదో అడుగు: పనులు రాయడం

ఒక్కో మనిషికి నాలుగు పనులు చాలు. నాలుగూ నాలుగు తీరులుగా ఉండాలి: తెలిసిన ఒక పేపరును పట్టుకోవడం, ఒక క్లినికల్ ప్రశ్నకు త్వరగా జవాబు చూసుకోవడం, ఒక విషయం మీద ఉన్నవన్నీ పోగుచేయడం, చివరిది అసలు జవాబే లేని పని. ఆ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నిజానికి బాగా నేర్పేది అదే. లేదు అని తేల్చుకోవడానికి మనిషి ఎంతసేపు తీసుకుంటాడు, ఏ ధైర్యంతో ఆపుతాడు అన్నది దాంట్లోనే బయటపడుతుంది.

పని రాసేటప్పుడు సాధనంలోని మాటలు వాడకూడదు. "మెష్ డేటాబేస్‌లో స్కార్పియన్ స్టింగ్స్ శీర్షిక ఎంచుకుని, రాండమైజ్డ్ ట్రయల్ ఫిల్టర్ పెట్టి వెతకండి" అని రాస్తే మీరు పరీక్షించింది చదవడం వచ్చా రాదా అన్నదే. ఇలా రాయాలి: "పిల్లల వార్డులో తేలు కుట్టిన కేసులు వస్తున్నాయి. ప్రజోసిన్ ఇస్తే మేలని యూనిట్‌లో ఒకరు అంటున్నారు, ఇంకొకరు ఒప్పుకోవడం లేదు. రేపటి కేస్ ప్రెజెంటేషన్‌లో చూపించడానికి గట్టి ఆధారమున్న పేపర్లు మూడు తీసి పెట్టండి." ఇందులో బటన్ పేర్లు లేవు. కానీ ఎందుకు వెతకాలో, ఎక్కడ ఆపాలో స్పష్టంగా ఉంది.

అన్నీ పోగుచేసే పనికి మన జిల్లాల విషయాలు బాగా ఒదుగుతాయి: అనంతపురం వైపు తాగునీటి ఫ్లోరైడ్, వేరుశనగలో అఫ్లాటాక్సిన్, నాపరాయి దుమ్ము. వీటిలో ఒకే వస్తువుకు నాలుగు పేర్లుంటాయి కాబట్టి సాధనం బలం, బలహీనత రెండూ తేలతాయి. మనం గ్రౌండ్‌నట్ అంటాం, అమెరికా పేపరు పీనట్ అంటుంది, మెష్‌లో శీర్షిక అరాకిస్.

ఊరి పేరుతో ఒక పని తప్పక పెట్టండి. కడప ఇంగ్లిష్ స్పెల్లింగ్ 2005లో మారింది. అంతకుముందు పేపర్లలో కడ్డపా అనే ఉంటుంది. అనంతపురానికీ పాత, కొత్త స్పెల్లింగులు రెండూ నడుస్తున్నాయి. "కడప నుంచి ఇప్పటిదాకా వచ్చిన పేపర్లన్నీ తీయండి" అంటే పాత స్పెల్లింగ్ గుర్తొచ్చేది ఎంతమందికో చూడండి. ఇందులో ఇంకో గుంట ఉంది: పబ్‌మెడ్‌లో రచయితలందరి చిరునామాలూ చేరడం 2014 నుంచే. అంతకుముందు మొదటి రచయిత చిరునామానే ఉండేది. రెండో పేరుగా ఉన్న మన ఊరి డాక్టరు పాత పేపరు ఊరి పేరుతో వెతికితే రాదు. పట్టీ తయారుచేసేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

రెండు సాధనాలను పోల్చాలంటే సగం మందికి మొదట ఇది, తక్కినవాళ్లకు మొదట అది ఇవ్వండి. అదే ప్రశ్నను రెండుచోట్లా ఇవ్వకండి. రెండోసారికి జవాబు నోట్లోనే ఉంటుంది. బరువు సమానమైన జంట ప్రశ్నలు రాసుకోవాలి.

ఆరో అడుగు: గది, సామగ్రి

ల్యాప్‌టాప్ ఒకటి, విడిగా మౌసు, తెరను రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో, గొంతు కోసం మామూలు కాలర్ మైకు. పరీక్ష నడిపే మీ ల్యాప్‌టాపే వాడాలి. వచ్చినవాళ్ల సొంతది వాడితే మధ్యలో వాట్సాప్ సందేశం తేలుతుంది. వార్డు గ్రూపులోని రోగి ఎక్స్‌రే ఒకటి మీ రికార్డింగ్‌లో పడితే అదో తలనొప్పి.

ప్రతి మనిషికీ కొత్త ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. లేకపోతే ముందువాళ్లు టైపు చేసిన మాటలు సెర్చ్ పెట్టె కింద కనిపిస్తాయి, రెండో మనిషి వాటినే నొక్కుతాడు. పబ్‌మెడ్ చరిత్ర కూడా కదలిక ఆగిన ఎనిమిది గంటల దాకా చెరిగిపోదు.

ఇంటర్నెట్ పోతే వెంటనే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేయడం మనకు అలవాటు. ఇక్కడ అది కొంప ముంచుతుంది. కాలేజీ చందాలు చాలావరకు క్యాంపస్ నెట్‌వర్క్‌ను గుర్తుపట్టి తలుపు తెరుస్తాయి. హాట్‌స్పాట్ మీదికి మారగానే అదే పేపరు డబ్బు అడుగుతుంది. ఫుల్ టెక్స్ట్ తెరవమన్న పని మధ్యలో లైను మారితే ఆ పని ఫలితం కొట్టేయండి. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (పరిశోధన పత్రికలకు కేంద్రం కట్టే ఉమ్మడి చందా) ప్రభుత్వ సంస్థలకు ఉద్దేశించింది. కాబట్టి ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీల వాళ్లను కలిపి పిలిస్తే ఫుల్ టెక్స్ట్ పనుల లెక్కను ఒకే కుప్పలో పోయొద్దు.

ఒకే క్యాంపస్ లైను నుంచి గూగుల్ స్కాలర్‌ను గబగబా వాడితే "మీరు రోబోనా?" అన్న పరీక్ష అడ్డొస్తుంది. అప్పుడు గడియారం ఆపి, దాన్ని దాటాక మళ్లీ నడపండి.

ఎండాకాలంలో ఏసీ లేని గది వద్దు. కర్నూలు మే నెలలో చెమట తుడుచుకుంటూ వెతికే మనిషి తొందరగా "ఇంక చాలు" అంటాడు. అది సాధనం మీద తీర్పు కాదు.

ఏడో అడుగు: ఒకరితో ముందస్తు ప్రయోగం

లెక్కలోకి తీసుకోని ఒక మనిషితో మొత్తం నడిపి చూడండి. మైకు పనిచేసిందా, నాలుగు పనులూ 30 నిమిషాల్లో అయ్యాయా, ఏ వాక్యం దగ్గర "అంటే?" అని అడిగారు? ఆ వాక్యాన్ని తిరగరాయండి. ప్రయోగానికీ అసలు పరీక్షకూ మధ్య కనీసం రెండు రోజుల వ్యవధి ఉంచుకోండి.

ఎనిమిదో అడుగు: మనిషి ముందు కూర్చున్నాక

మొత్తం 50 నిమిషాలు. పరిచయం, సమ్మతికి ఐదు, నోరు తెరిపించే చిన్న పనికి మూడు, అసలు పనులకు 30, ప్రశ్నపత్రానికి ఐదు, చివరి మాటలకు ఏడు. పక్కన ఇద్దరే ఉండాలి: నడిపేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు. గైడ్ గానీ హెచ్‌ఓడీ గానీ గదిలోకి రాకూడదు, తలుపు దగ్గర నిలబడినా సరే. సెర్చ్ తరగతి చెప్పిన లైబ్రేరియన్ నడిపితే, వచ్చినవాళ్లు తమకు మార్కులు వేస్తున్నారని అనుకుంటారు. ఆ పని ఇంకొకరికి అప్పగించండి.

మొదట చెప్పాల్సిన మాటలు కాగితం చూసి చదవండి. అందరికీ ఒకటే వినిపించాలి. "డాక్టర్ గారూ, ఈ రోజు మేం పరీక్షిస్తున్నది ఈ వెబ్‌సైట్‌ను, మిమ్మల్ని కాదు. దీన్ని తయారుచేసింది మేం కాదు, కాబట్టి బాగాలేదంటే మాకు బాధ లేదు. వెతికేటప్పుడు మనసులో ఏం అనుకుంటారో అది పైకి అనండి. తెలుగులోనే అనండి, ఇంగ్లిష్ కలిసినా పర్వాలేదు. ఎప్పుడైనా ఆపేయొచ్చు." పోర్టల్ మీరే తయారుచేసినట్లయితే రెండో వాక్యం తీసేయండి. ఆ సందర్భంలో నడిపే మనిషి బయటివారైతే ఇంకా మంచిది.

తెలుగులో పైకి అనమనడం చిన్న విషయం కాదు. వెతికే మాటలు ఇంగ్లిష్‌వే అయినా విసుగు, అనుమానం సొంత యాసలో వస్తాయి. "యాడుందబ్బా ఇది", "ఏంది, మళ్లీ మొదటికొచ్చింది" లాంటి మాట ఒక్కటి పడితే పేజీలో ఏ మూల ఇబ్బందుందో చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే వాళ్లు నివేదిక చదువుతున్నట్టు మాట్లాడతారు.

పదిహేను ఇరవై సెకన్లు మౌనంగా ఉంటే "ఇప్పుడేం అనుకుంటున్నారు?" అనండి. అంతకుమించి ఒక్క మాటా వద్దు. "దీన్ని నొక్కొచ్చా?" అని అడిగితే "మీ గదిలో ఒక్కరే ఉంటే ఏం చేస్తారు?" అని తిరిగి అడగండి. మన మర్యాద ఇక్కడ అడ్డొస్తుంది. ఎదుటివాళ్లు తడబడితే చెయ్యందించకుండా ఉండలేం. ఒకవేళ నోరు జారి సాయం చేసేస్తే దాచకుండా "సాయంతో" అని రాసుకోండి.

ఒక్కో పని ముగియగానే రెండు అంకెలు అడగండి. ఎంత తేలిగ్గా అనిపించింది, 1 నుంచి 7 మధ్య? కావలసినవన్నీ దొరికాయని ఎంత నమ్మకం, 1 నుంచి 7 మధ్య? రెండోది మరిచిపోవద్దు. దాని పని తర్వాత వస్తుంది.

రాసుకునేవారు టైపు చేసిన ప్రతి సెర్చ్ పదాన్నీ అక్షరం పొల్లుపోకుండా, గడియారం సమయంతో ఎక్కించాలి. కొటేషన్ గుర్తులు కూడా. అభిప్రాయాలు వేరే గడిలో రాయాలి.

తొమ్మిదో అడుగు: మూడు జల్లెళ్లు

పట్టీలో 24 పేపర్లు ఉన్నాయనుకుందాం. ఒకరు తొమ్మిది ఎంచుకున్నారు, అందులో ఏడు పట్టీలోవి. ఎంచుకున్నవాటిలో 78 శాతం సరైనవే, కానీ దొరకాల్సినవాటిలో చేతికొచ్చింది 29 శాతం. నమ్మకం ఎంతని అడిగితే ఆరు అన్నారు. ఆ ఆరుకూ 29 శాతానికీ మధ్య ఉన్న దూరమే ఈ పరీక్షలో అన్నిటికన్నా విలువైన కొలత. నమ్మకం తక్కువై దొరికింది తక్కువైతే మనిషి ఇంకో చోట వెతుక్కుంటాడు. నమ్మకం ఎక్కువై దొరికింది తక్కువైతే అక్కడే ఆగిపోతాడు, థీసిస్ అలాగే అచ్చవుతుంది.

మిగతా 17 ఎక్కడ పోయాయి? దీన్ని మూడు చోట్ల లెక్కపెట్టాలి. సాధనం ఫలితాల్లోకి తెచ్చినవి ఎన్ని, వాటిలో మనిషి కంటబడినవి ఎన్ని, కంటబడినవాటిలో ఎంచుకున్నవి ఎన్ని. ఉదాహరణకు 24లో సాధనం తెచ్చింది 15, మనిషి తెర జరిపి చూసింది 10, ఎంచుకుంది 7. మొదటి జల్లెట్లో తొమ్మిది, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో మూడు జారాయి. ఒక్కోదానికి మందు వేరు. మొదటిది సెర్చ్ పదాల, పర్యాయపదాల సమస్య. రెండోది వరుస క్రమం, పేజీకి ఎన్ని చూపిస్తారన్న సమస్య. మూడోది శీర్షిక, సారాంశం తెర మీద ఎలా కనిపిస్తున్నాయన్న సమస్య. మొత్తం కలిపి "29 శాతం" అని నివేదికలో రాస్తే బాగుచేసేవాళ్లకు ఏమీ తెలియదు.

పబ్‌మెడ్‌లో మొదటి లెక్క తేలికే. పట్టీలోని పీఎంఐడీ నంబర్లన్నీ (పబ్‌మెడ్‌లో ఒక్కో పేపరుకు ఉండే సొంత సంఖ్య) ఖాళీలు వదిలి సెర్చ్ పెట్టెలో అతికించండి, ఆ 24 రికార్డులూ వస్తాయి. తర్వాత ఆ మనిషి చివరి సెర్చ్‌ను అలాగే నడపండి. అడ్వాన్స్‌డ్ పేజీలోని చరిత్రలో ఈ రెండు వరుసలనూ యాండ్‌తో కలిపితే వచ్చే అంకే సాధనం తెచ్చినవాటి సంఖ్య. రెండో లెక్కకు రికార్డింగ్ చూడాల్సిందే. ఎంత కిందికి జరిపారో అక్కడ గీత గీయండి.

ఎక్కువగా బయటపడే లోపాలు, కారణాలు

మందుల పేర్లు: మనవాళ్లు పారాసిటమాల్, సాల్బుటమాల్, లిగ్నోకైన్, అడ్రినలిన్ అని టైపు చేస్తారు. మెష్ శీర్షికలు ఎసిటమినోఫెన్, ఆల్బుటెరాల్, లిడోకైన్, ఎపినెఫ్రిన్. పబ్‌మెడ్ తెర వెనక తానే ఈ పేర్లను కలుపుకుంటుంది. కాలేజీ పోర్టల్‌లో మీరు రాసుకున్న సెర్చ్‌కు ఆ తెలివి ఉండదు. అనీమియా, హెమరేజ్, పీడియాట్రిక్ లాంటి మాటల బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులదీ అదే గొడవ. ఈ మాటలతోనే ఒక పని పెట్టి చూడండి.

కొటేషన్ గుర్తులు: పదబంధాన్ని కొటేషన్లలో పెడితే కచ్చితంగా వస్తుందని చాలామంది నమ్మకం. పబ్‌మెడ్‌లో కొటేషన్ పెట్టగానే ఆ తెర వెనక కలుపుకునే పని ఆగిపోతుంది. ఫీల్డ్ ట్యాగ్ (శీర్షికలోనే, రచయిత పేరులోనే వెతకమని చెప్పే గుర్తు) పెట్టినా, చివర నక్షత్రం గుర్తు పెట్టినా అంతే. ఫలితాలు తగ్గితే వెతికినవాళ్లు "శుభ్రంగా వచ్చింది" అని సంతోషిస్తారు. నమ్మకానికీ దొరికినదానికీ దూరం పెంచే కారణాల్లో ఇది ముందుంటుంది. అదే సెర్చ్‌ను కొటేషన్లతో, లేకుండా నడిపి తేడా నివేదికలో పెట్టండి.

అంటుకుపోయే ఫిల్టర్లు: మొదటి పనిలో "గత ఐదేళ్లు" అని పెట్టిన ఫిల్టర్ పబ్‌మెడ్‌లో తీసేదాకా తర్వాతి సెర్చ్‌లకూ వర్తిస్తుంది. రెండో పనిలో పాత పేపర్లు రాకపోతే "ఈ విషయం మీద పెద్దగా లేవు" అనుకుంటారు. వయసు, జీవజాతి (మనుషులా, జంతువులా) లాంటి ఫిల్టర్లు మెష్ శీర్షికలు పడని రికార్డులను వదిలేస్తాయి కూడా. కాబట్టి నిన్న మొన్న చేరిన పేపరు "పిల్లలు" అని నొక్కగానే మాయమవుతుంది. ఇక ఫ్రీ ఫుల్ టెక్స్ట్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు. డబ్బు లేదని అది నొక్కి, సారాంశంతోనే పని జరిగే పేపర్లను కూడా పోగొట్టుకుంటారు.

వరుస క్రమం: పబ్‌మెడ్ మామూలుగా బెస్ట్ మ్యాచ్ వరుసలో (బాగా సరిపోయేవి ముందు), పేజీకి పది చొప్పున చూపిస్తుంది. పైనున్నది కొత్తదని అనుకునేవాళ్లు ఉంటారు. గూగుల్ స్కాలర్ వేలల్లో ఫలితాలున్నాయని చెప్పినా చూడనిచ్చేది వెయ్యి వరకే.

యాండ్, ఆర్ కలిపి రాసినప్పుడు: పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. వెబ్ ఆఫ్ సైన్స్ (చందా కట్టి వాడే ఇంకో పేపర్ల సెర్చ్ సాధనం) యాండ్‌ను ముందు లెక్కేస్తుంది. "మలేరియా ఆర్ డెంగీ యాండ్ పిల్లలు" అన్న ఒకే సెర్చ్ రెండుచోట్ల రెండు అర్థాలిస్తుంది. బ్రాకెట్లు పెట్టే అలవాటున్నవాళ్లకు ఈ బాధ లేదు. బ్రాకెట్లు పెట్టేవాళ్లు ఎంతమందో మీ రికార్డింగులే చెబుతాయి.

పదో అడుగు: అంకెల విషయంలో నిదానం

చివర్లో ఇచ్చే ప్రశ్నపత్రానికి సస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే పది వాక్యాల కొలమానం చాలు. ఒక్కో వాక్యానికి ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. జాన్ బ్రూక్ 1986లో తయారుచేశారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. డాక్టర్లు కాబట్టి ఇంగ్లిష్‌లోనే ఇవ్వొచ్చు. ఎనిమిదో వాక్యంలోని కంబర్సమ్ అన్న మాట మాత్రం మార్చి ఆక్‌వర్డ్ అని పెట్టండి. ఆ పాత మాట ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్లను తికమక పెడుతుందని తేలిన విషయమే. సొంతంగా తెలుగు చేసుకుంటే సరిసంఖ్య వాక్యాల దగ్గర జాగ్రత్త. అవి వ్యతిరేకార్థంలో ఉంటాయి. "కష్టంగా లేదని ఒప్పుకోను" లాంటి ముడి పడిందంటే జవాబులకు అర్థం ఉండదు.

లెక్క ఇలా: బేసి వాక్యాల మార్కు నుంచి ఒకటి తీసేయాలి, సరి వాక్యాల మార్కును ఐదులోంచి తీసేయాలి. అన్నీ కూడి 2.5తో గుణించాలి. బేసివి 4, 3, 4, 4, 3 అయితే 13. సరివి 2, 3, 2, 2, 3 అయితే అదీ 13. మొత్తం 26, సస్ 65. ఇది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుందని సాధారణంగా పోలుస్తారు. సెర్చ్ సాధనాలకు సస్ ఒక్కటే చూపించి సంతకం పెట్టించుకోవడం మాత్రం మోసమే. ఇష్టంగా వాడి తక్కువ రాబట్టే సాధనానికి మంచి సస్ వస్తుంది.

పని పూర్తి చేసినవాళ్ల శాతం చెప్పేటప్పుడు హద్దులు కూడా చెప్పండి. ఎనిమిది మందిలో ఆరుగురు చేస్తే 75 శాతం నిజమే, కానీ 95 శాతం భరోసాతో చెప్పగలిగింది 40కీ 94కీ మధ్య ఎక్కడో అని మాత్రమే. ఐదుకు ఐదుగురూ చేసినా కింది హద్దు 51 దగ్గరే ఆగుతుంది. ఈ సంఖ్యలతో "ఇది దానికన్నా మెరుగు" అనే ముందు నాలుక కొంచెం బిగపట్టుకోవాలి. పట్టిన సమయానికి మామూలు సగటు వాడకండి. ఒక్కరు 20 నిమిషాలు కూర్చుంటే మొత్తం చెడుతుంది. జామెట్రిక్ మీన్ (అంకెలను గుణించి, ఎన్ని ఉంటే అన్నో మూలం తీసే సగటు) వేయండి.

చివరి అడుగు: నివేదిక, మళ్లీ పరీక్ష

ప్రతి లోపానికీ సున్నా నుంచి నాలుగు దాకా తీవ్రత గుర్తు పెట్టండి. ఇద్దరు విడిగా పెట్టి సగటు తీయాలి. తెలియకుండానే పేపర్లు జారిపోయే లోపానికి నాలుగు. విసుగు తెప్పించినా పని ఆపని దానికి రెండు. రంగులు నచ్చలేదన్న మాటకు ఒకటి చాలు.

ప్రిన్సిపాల్ గారికి ఒకే పేజీ ఇవ్వండి: మొదటి అడుగులో రాసిన వాక్యం, దానికి జవాబు, తీవ్రత 4 అని గుర్తు పడ్డ లోపాలు, ఒక్కోదానికి ఎవరు ఏం చేయాలి. సమ్మతి ఉంటే 30 సెకన్ల రికార్డింగ్ ముక్క ఒకటి చూపించండి. పట్టికలు చూసి కదలని కమిటీ, తమ పీజీ ఒకే ఫిల్టర్ దగ్గర మూడుసార్లు తిరగడం చూస్తే కదులుతుంది. ఆ ముక్కలో మొహం, పేరు, గొంతు గుర్తుపట్టే వీలు లేకుండా చూసుకోవాలి. చిన్న కాలేజీలో గొంతు వింటేనే ఎవరో తెలిసిపోతుంది. గొంతు తీసేసి మాటలను కింద అక్షరాల్లో వేయండి.

మార్పులు చేశాక రెండో విడత కొత్త మనుషులతోనే నడపాలి. పాతవాళ్లు నేర్చేసుకుని ఉంటారు. పనులు అవే ఉంచొచ్చు. కానీ పట్టీని మాత్రం మళ్లీ తెరిచి, మొదటి విడతలో ఎవరైనా ఎంచుకుని మనం వదిలేసిన పేపర్లు నిజంగా పనికిరానివేనా అని ఒక్కొక్కటిగా చూడండి. పట్టీ తయారుచేసిన ఇద్దరికీ దొరకనిది ఒక పీజీకి దొరికి ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే దాన్ని పట్టీలో చేర్చి, మొదటి విడత లెక్కలను కూడా కొత్త సంఖ్యతో మళ్లీ వేయాలి. లేకపోతే రెండు విడతలనూ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు.